తొట్టిలో బిడ్డ, ఖర్జూరపు చెట్టు కింద తల్లి

మర్యం పేరు లేని ముస్లిం బస్తీ మాకు తెలిసి ఎక్కడా లేదు. మర్యం బీ, మరియంబీ, మర్యం బేగం అని ఊరిని బట్టి, ఇంటి తాహతును బట్టి పలుకు మారుతుందంతే. ఈసా పేరూ అంతే. ఇంట్లో ఈ పేర్లు పెట్టుకుని, ఖురాన్‌లో ఒక సూరా మొత్తం ఆ తల్లి పేరు మీదే చదువుకుని పెరిగిన మమ్మల్ని డిసెంబర్ వచ్చేసరికి రెండు వైపుల నుంచీ ఒకే ప్రశ్న అడుగుతారు. యేసు పుట్టుకతో మీకేం పని? క్రైస్తవ మిత్రులు ఆశ్చర్యంగా అడుగుతారు. మా వాళ్ళు అనుమానంగా అడుగుతారు.

ముందే ఒక మాట. ఆయన మాకు ప్రవక్త, దేవుడి కొడుకు కాదు. క్రైస్తవులకు ఆయన మనిషై వచ్చిన దేవుడే. ఈ తేడా చిన్నది కాదు. దాన్ని చాప కిందికి తోసి ‘అన్ని మతాలూ ఒకటే’ అని శాలువాలు కప్పుకునే సభల మీద మాకు మోజు లేదు. మేం మాట్లాడేది ఆ పుట్టుక కథ గురించి. ఆ కథను దొరలు ఏం చేసుకున్నారు, మామూలు జనం ఏం చేసుకున్నారు అన్న చరిత్ర గురించి. ఆ చరిత్రలో మాకూ వాటా ఉంది. ఎవరో దయతలచి ఇచ్చిన వాటా కాదది.

నాలుగు సువార్తల్లో ఈ కథ ఉన్నది రెండిట్లోనే. మార్కు, యోహాను పుట్టుక జోలికే పోలేదు. మత్తయి, లూకా చెప్పారు గానీ ఇద్దరూ ఒకటే చెప్పలేదు. నక్షత్రం, తూర్పు దేశపు జ్ఞానులు, హేరోదు పసివాళ్ళను చంపించడం, తల్లిదండ్రులు బిడ్డను తీసుకుని ఈజిప్టుకు పారిపోవడం మత్తయిలో ఉన్నాయి. జనసంఖ్య లెక్కలు, పశువుల తొట్టి, గొర్రెల కాపరులు లూకాలో ఉన్నాయి. క్రిస్మస్‌కు చర్చిల్లో కట్టే పశువుల పాక ఈ రెంటినీ కలిపి కుట్టిన బొంత. (ఆ పాకలో ఎప్పుడూ కనిపించే ఎద్దూ గాడిదా ఈ రెండు కథల్లోనూ లేవు. తర్వాత కాలంలో వచ్చి చేరాయి. మనుషుల కంటే వాటినే పిల్లలు ఎక్కువ ఇష్టంగా చూస్తారు కాబట్టి ఎవరూ వాటిని వెళ్ళగొట్టలేదు.)

లూకాలో ప్రసవం ఘట్టం ఒక సర్కారీ ఫర్మానాతో మొదలవుతుంది. రోము చక్రవర్తి ఔగుస్తు అందరి పేర్లూ రాయించమన్నాడు. యోసేపు చేతిపని చేసుకుని బతికేవాడు. ఉంటున్నది నజరేతులో. అతని వంశం బెత్లెహేముది గనుక పేరు రాయించుకోవడానికి అక్కడికి పోవాలి. కడుపుతో ఉన్న మరియను వెంటబెట్టుకుని నూరు కిలోమీటర్ల పైన ప్రయాణం చేశాడు.

చరిత్రకారులకు ఇక్కడ పేచీ ఉంది. హేరోదు చనిపోయింది క్రీస్తుపూర్వం 4లో. సిరియా గవర్నర్ కురేనియు లెక్కలు రాయించింది క్రీస్తుశకం 6లో, యూదయ నేరుగా రోము పాలన కిందికి వచ్చినప్పుడు. రెంటికీ మధ్య దాదాపు పదేళ్ళ ఎడం. పైగా పన్ను లెక్కకు తాతల ఊరికి పొమ్మనడం రోము పద్ధతి కాదని చాలామంది అంటారు. ఈజిప్టులో దొరికిన క్రీ.శ. 104 నాటి ఒక పాపిరస్‌లో మాత్రం, ఊరొదిలి పోయిన వాళ్ళంతా లెక్కల కోసం సొంత ఊళ్ళకు తిరిగి రావాలని అక్కడి గవర్నర్ హుకుం ఉంది. లూకా తేదీ తప్పే కావచ్చు. అయినా ఆయన ఆ లెక్కలనే ఎందుకు పట్టుకున్నాడు? మాకు తోచిన కారణం ఇది: ఆ లెక్కలను జనం మరిచిపోలేదు. ఆ సందర్భంలోనే గలిలయకు చెందిన యూదా అనేవాడి నాయకత్వంలో తిరుగుబాటు లేచిందని యూదు చరిత్రకారుడు జోసెఫస్ రాశాడు. లెక్కంటే పన్ను. పన్నంటే అప్పు, అప్పంటే పొలం పోవడం. సర్కారు పేరు రాసుకుందంటే ఇంట్లో ఏదో ఒకటి పోతుందని పేదవాడికి తెలుసు.

ఈ భాగాన్ని మేం 2019 తర్వాత వేరే కళ్ళతో చదివాం. ఆ ఏడు ఆగస్టు 31న అస్సాంలో వెలువడిన ఎన్నార్సీ తుది జాబితాలో 19 లక్షల మందికి పైగా మనుషుల పేర్లు లేవు. వాళ్ళల్లో ముస్లింలున్నారు, హిందువులున్నారు. డిసెంబర్‌లో పౌరసత్వ సవరణ చట్టం వచ్చింది. అందులో పొరుగు దేశాల నుంచి వచ్చిన ఆరు మతాల వాళ్ళ పేర్లున్నాయి, మా పేరు లేదు. ఆ చలికాలం పాతబస్తీ నుంచి కర్నూలు, గుంటూరు దాకా మా ఇళ్ళల్లో ట్రంకుపెట్టెలు తెరుచుకున్నాయి. దాదా ఏ ఊళ్ళో పుట్టాడు? నానీ పేరు ఓటరు లిస్టులో ఎట్లా రాశారు? స్కూలు సర్టిఫికెట్‌లో షేక్, రేషన్ కార్డులో షైక్, ఆధార్‌లో ఇంకోటి. మంత్రసాని చేతుల మీద పుట్టిన వాళ్ళకు పుట్టిన తేదీ కాగితం ఎక్కడిది? వర్షాలు మొదలైనప్పుడో, ఫలానా కరువు ఏడో పుట్టామని చెప్పుకునే ముసలివాళ్ళు ఏ కౌంటర్ దగ్గర నిలబడాలి? తాతల ఊరి కాగితం కోసం నిండు గర్భిణిని వెంటబెట్టుకు పోయిన వడ్రంగి కథ అప్పుడు మాకు మతగ్రంథంలోని దృశ్యంలా కనిపించలేదు. మా వీధిలో మనిషిలా కనిపించాడు.

ఇక ‘సత్రంలో చోటు లేదు’ అన్న మాట. తెలుగు బైబిల్‌లో సత్రం అనే మాట చదివి, కనికరం లేని సత్రం యజమాని ఒకడు గర్భిణిని గెంటేసినట్టు నాటకాలు కట్టారు. లూకా సువార్తలో యజమాని లేడు, గెంటేయడమూ లేదు. అక్కడున్న గ్రీకు మాట కతాలుమా. అదే మాటను లూకా ఇంకోచోట యేసు చివరి భోజనం చేసిన అతిథి గదికి వాడాడు. డబ్బులిచ్చి దిగే సత్రానికి ఆయన దగ్గర వేరే మాట ఉంది. దెబ్బలు తిన్న బాటసారిని మంచి సమరయుడు చేర్చిన కథలో దాన్నే వాడాడు. పాలస్తీనా రైతుల పాత ఇళ్ళల్లో మనుషులుండే అరుగు కాస్త ఎత్తుగా, దాని పక్కనే పల్లంలో రాత్రిపూట పశువులు, అంచున గడ్డి తొట్లు ఉండేవి. అంతా ఒకే కప్పు కింద. మన పల్లెల్లో గొడ్లనూ మనుషులనూ ఒకే పెంకుటింట్లో చూసిన వాళ్ళకు ఇది బొమ్మ గీసి చెప్పనక్కర్లేదు. అట్లా చూస్తే కథ తిరగబడుతుంది. అతిథుల గది నిండిపోయింది. ఉన్నంతలో ఏదో పేద ఇల్లు సర్దుకుని తన గొడ్లుండే జాగా ఇచ్చింది. కొందరు పండితులు చెప్పే ఈ అర్థమే మాకు సబబుగా తోస్తుంది. చోటు ఇవ్వనివాడి గురించి రెండు వేల ఏళ్ళుగా నాటకాలాడారు గానీ, చోటిచ్చిన ఇల్లాలికి ఒక్క పాత్రయినా ఇయ్యలేదు.

తర్వాత దొరలు వచ్చారు. మత్తయి చెప్పిన జ్ఞానులు ఎందరో ఆయన చెప్పలేదు, రాజులని అసలే అనలేదు. కానుకలు మూడు గనుక మనుషులూ ముగ్గురయ్యారు. కొన్ని శతాబ్దాలకు కిరీటాలు మొలిచి రాజులయ్యారు. వాళ్ళవని చెప్పే ఎముకలను 1164లో మిలాన్ నుంచి కొలోన్‌కు మోసుకుపోయి, బంగారు పేటికలో పెట్టారు. గొర్రెల కాపరులు మాత్రం కాపరులుగానే మిగిలిపోయారు. వాళ్ళకు ప్రమోషన్ రాలేదు. క్రీ.శ. 800 క్రిస్మస్ నాడు షార్లమేన్ రోములో చక్రవర్తి కిరీటం పెట్టించుకున్నాడు. 1100 క్రిస్మస్ నాడు శిలువ యుద్ధపు దొర బాల్డ్విన్ బెత్లెహేములోని ఆ పుట్టుక గుడిలోనే రాజయ్యాడు. అంతకు ఏడాది ముందు అతని వాళ్ళు యెరూషలేములో ముస్లింలనూ యూదులనూ ఊచకోత కోశారు. తొట్టి ఉన్నచోట సింహాసనం వేసుకున్నారు.

దాన్ని మళ్ళీ గడ్డి మీదికి దించిన వాడు అస్సీసీ ఫ్రాన్సిస్. 1223 క్రిస్మస్‌కు ఇటలీలోని గ్రేచ్చో అనే కొండ ఊళ్ళో నిజమైన గడ్డి, నిజమైన ఎద్దు, గాడిద తెప్పించి తొట్టి కట్టించాడు. చుట్టుపక్కల జనం దివిటీలు పట్టుకుని వచ్చారు. బట్టల వర్తకుడి కొడుకు, ఆస్తి వదిలేసి బిచ్చగాడైన వాడు. దీనికి నాలుగేళ్ళ ముందు, 1219లో, శిలువ యుద్ధం నడుస్తుండగానే నైలు నది ఒడ్డున దమియెట్టా దగ్గర సుల్తాన్ అల్ కామిల్ శిబిరానికి నిరాయుధంగా నడిచి వెళ్ళాడు. సుల్తాన్ ఆయన్ని క్షేమంగా వెనక్కి పంపాడు. రెండు పనులూ ఒకే మనిషివి కావడం మాకు కాకతాళీయంగా అనిపించదు.

ఇప్పుడు మా కథకు వద్దాం. సూరా మర్యం ఖురాన్‌లో 19వది, 98 ఆయతులు. ఖురాన్ మొత్తంలో పేరు పెట్టి చెప్పిన ఆడమనిషి మర్యం ఒక్కరే. ఈ కథలో యోసేపు లేడు. తొట్టి, నక్షత్రం, కాపరులు, జ్ఞానులు ఎవరూ లేరు. ఒక్క ఆడది ఉంది. కడుపుతో దూరంగా వెళ్ళిపోతుంది. నొప్పులు ఆమెను ఖర్జూరపు చెట్టు మొదట్లోకి తరుముతాయి. దీనికంటే ముందే చచ్చిపోయి అందరూ మరిచిపోయినదాన్నయితే బాగుండేదని ఏడుస్తుంది. కింద నుంచి ఒక గొంతు ఓదారుస్తుంది: నీ కాళ్ళ దగ్గర నీళ్ళున్నాయి, చెట్టు ఊపితే పండ్లు రాలతాయి, తిను, తాగు, కళ్ళు చల్లబరుచుకో. తర్వాత ఆమె బిడ్డనెత్తుకుని తన వాళ్ళ ముందుకు వస్తుంది. వాళ్ళు నిలదీస్తారు. మీ నాన్న చెడ్డవాడు కాదే, మీ అమ్మ చెడిపోయినది కాదే, నువ్విట్లా చేశావేమని. ఆమె నోరు విప్పదు, బిడ్డవైపు చూపిస్తుంది. బిడ్డే మాట్లాడతాడు.

మౌల్వీలు ఈ చోట ఆగి ఈసా దైవత్వం గురించి వాదన ఎత్తుకుంటారు. మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు అక్కడ ఆగరు. చెట్టు దగ్గరే ఆగుతారు. పురిటి నొప్పులు పడే ఆడమనిషి చావు కోరుకోవడం, ఆ మాటకు పైనుంచి చీవాట్లు కాకుండా నీళ్ళూ పండ్లూ రావడం వాళ్ళకు అర్థమైనంతగా మగవాళ్ళకు అర్థం కాదు. జచ్చగీకి ఖర్జూరాలు తినిపించడం అందుకే. మర్యం బూటీ అని ఒకటుంటుంది. ఎడారిలో పెరిగే చిన్న మొక్క, ఎండితే పిడికిలిలా ముడుచుకుపోతుంది, నీళ్ళలో వేస్తే వేళ్ళు విప్పుకున్నట్టు తెరుచుకుంటుంది. అరబ్బులు కఫ్ మర్యం అంటారు, మర్యం అరచెయ్యి అని. హజ్‌కు పోయినవాళ్ళు తెచ్చి ఇస్తారు. నొప్పులు పడుతున్న మనిషి పక్కన గిన్నెలో వేసి పెడతారు. అది విచ్చుకున్నట్టే కాన్పు తేలికవుతుందని నమ్మకం. (ఆ నీళ్ళు తాగించడం మంచిది కాదని డాక్టర్లంటారు, వినాలి. చూస్తూ ధైర్యం తెచ్చుకోవడానికి ఎవరి అభ్యంతరమూ లేదు.) అరబ్బు దేశాల క్రైస్తవ స్త్రీలూ కాన్పు గదిలో దీన్నే నమ్ముకున్నారు.

ఈ సూరాను మొదట బయటివాళ్ళకు చదివి వినిపించిన సందర్భం మైనారిటీలెవరూ మరిచిపోకూడనిది. 615 ప్రాంతం. మక్కాలో ముస్లింలు పిడికెడు మంది. కొరడా దెబ్బలు, వెలివేత భరించలేక కొందరు ఎర్రసముద్రం దాటి అబిసీనియా చేరారు. అక్కడి రాజు నజాషీ క్రైస్తవుడు. మక్కా పెద్దలు కానుకలతో దూతల్ని పంపి, వీళ్ళు మా ఊరి తలతిక్కవాళ్ళు, మాకు అప్పగించండని అడిగించారు. రాజు రెండు వైపులా విందామన్నాడు. ఇబ్న్ ఇస్‌హాక్ రాసిన ప్రవక్త జీవితంలో ఈ సభ వివరంగా ఉంది. శరణార్థుల తరఫున జాఫర్ బిన్ అబీ తాలిబ్ లేచి సూరా మర్యం మొదటి భాగం చదివాడు. రాజు ఏడ్చాడు, బిషప్పులు ఏడ్చారు. మర్నాడు దూతలు ఇంకో ఎత్తు వేశారు: ఈసా గురించి వీళ్ళేమంటారో అడగండి, మీ దేవుణ్ణి దాసుడంటారు. మాట మారిస్తే బతుకుతారు. జాఫర్ మార్చలేదు. ఆయన దేవుడి దాసుడు, ప్రవక్త, కన్య మర్యంలో వేసిన దేవుడి వాక్కు అని ఉన్నదున్నట్టు చెప్పాడు. రాజు నేల మీంచి ఒక పుల్ల తీసి, నువ్వు చెప్పినదానికీ ఈసాకూ ఈ పుల్లంత తేడా కూడా లేదన్నాడు. ఆస్థానంలో మతాధికారులు గుర్రుమన్నారు. రాజు లెక్కచేయలేదు. కానుకలు వాపసు ఇచ్చేశాడు, మనుషుల్ని అప్పగించలేదు.

విశ్వాసం దాచుకోకుండానే ఆశ్రయం దొరికింది. మా చరిత్రలో తొలి శరణార్థి దరఖాస్తు యేసు పుట్టుక కథే. ఇది తెలిసిన ముస్లిం ‘క్రిస్మస్ మనకెందుకు’ అని ఎట్లా అడుగుతాడో మాకు అర్థం కాదు.

ఆ మర్యాద కొంతకాలం వాపసు కూడా అందింది. ఖలీఫా ఉమర్ బెత్లెహేము పోయినప్పుడు పుట్టుక గుడిలో దక్షిణం వైపు ఒంటరిగా నమాజు చేసుకుని, ముస్లింలు అక్కడ ఒక్కొక్కరుగా తప్ప గుంపుగా నమాజు చేయరాదని, అజాన్ ఇవ్వరాదని రాసిచ్చాడని 10వ శతాబ్దపు క్రైస్తవ చరిత్రకారుడు యూటికియస్ చెప్పాడు. అంటే గుడి వాళ్ళ చేతిలోంచి జారిపోకుండా కట్టుదిట్టం చేశాడన్నమాట. 1992లో యెరూషలేము, బెత్లెహేము మధ్య రోడ్డు పనుల్లో 5వ శతాబ్దపు ఎనిమిది పలకల చర్చి ఒకటి బయటపడింది. నడుమ ఒక బండ. నిండు గర్భిణి మర్యం దాని మీద కూర్చుని సేద తీరిందని క్రైస్తవుల నమ్మకం. 8వ శతాబ్దంలో అక్కడే ముస్లింలూ ప్రార్థించారని తవ్వినవాళ్ళు అంచనా కట్టారు. దక్షిణం గోడకు మిహ్రాబ్ లాంటి గూడు ఉంది. నేల మీద మొజాయిక్‌లో పండ్ల గెలలతో ఖర్జూరపు చెట్టు ఉంది. బండ ఒకరిది, చెట్టు ఇంకొకరిది, అలసిపోయిన తల్లి ఇద్దరిదీ. ఆ బెత్లెహేములోనే 2023 డిసెంబర్‌లో లూథరన్ చర్చి వాళ్ళు తొట్టికి బదులు సిమెంటు శిథిలాలు పోసి, వాటి నడుమ పాలస్తీనా కెఫియా చుట్టిన బిడ్డ బొమ్మను పడుకోబెట్టారు. అక్కడికి అరవై మైళ్ళు లేని గాజాలో పిల్లల్ని శిథిలాల కిందినుంచి తీస్తున్న రోజులవి.

మన నేలకు ఈ కథ గుంటూరు ప్రాంతపు కథోలిక గురువులతో ముందే చేరినా, జనం కథగా మారింది మాదిగవాడల్లో. 1866లో ఎర్రగుంట్ల పేరయ్య అనే తోళ్ళ వర్తకుడు ఒంగోలు ప్రాంతంలో బాప్తిస్మం తీసుకుని తన వాళ్ళకు చెప్పడం మొదలుపెట్టాడు. 1876-78 కరువులో మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక భాగం కాంట్రాక్టు పట్టి కూలీ ఇప్పించాడు. కరువు నడుస్తున్నంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. తిండికోసం మతం మారారనే మాట పడకూడదని. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెలంపల్లిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. అయినా ‘బియ్యం క్రైస్తవులు’ అనే మాట తప్పలేదు. మమ్మల్ని కత్తికి భయపడి మారినవాళ్ళంటారు, వాళ్ళను బియ్యానికి మారినవాళ్ళంటారు. పంచములు తమ బుర్రతో ఆలోచించి ఒక కథను ఎంచుకుని ఉంటారని మాత్రం ఎవరికీ తోచదు.

ఆ కథనే ఎందుకు ఎంచుకున్నారు? ఊళ్ళో గొడ్ల కొట్టంలో పడుకునేది ఎవరు? పాలేరు. తొట్టిలో కుడితి పోసేది, పేడ ఎత్తేది, చచ్చిన గొడ్డును ఈడ్చుకుపోయేది ఎవరు? దేవుడు పుట్టడానికి ఆ కొట్టాన్ని ఎంచుకున్నాడని విన్నప్పుడు, గుడి మెట్లెక్కనివ్వని మనిషికి వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు. నిజాం రాజ్యంలో మెదక్ చర్చి కట్టడం 1914లో మొదలై 1924 డిసెంబర్ 25న ప్రారంభమైంది. చార్లెస్ వాకర్ పోస్నెట్ కట్టించాడంటాం గానీ రాళ్ళు మోసింది కరువు కూలీలు. గుర్రం జాషువా అంతటి కవి ఈ వాడల్లోంచే వచ్చాడు. సుల్తాన్ చేతిలో మోసపోయిన ముస్లిం కవి కథను ‘ఫిరదౌసి’గా రాసిందీ, 1964లో ‘క్రీస్తు చరిత్ర’కు సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్నదీ ఆ ఒక్క చెయ్యే.

స్వతంత్రం వచ్చాక పేరు రాయించుకునే పేచీ మళ్ళీ మొదలైంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులం వాడు కాడు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే ఉండిపోయారు. ఈ అడ్డు తీసేయమని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ చెప్పింది. ఆ నివేదిక అటకెక్కింది. 2022లో బాలకృష్ణన్ కమిషన్ వేశారు, గడువు పొడిగించారు. ఈలోగా చర్చికి పోయే మాదిగ కాగితం మీద బీసీ-సి అయ్యాడు, ఒక్క శాతం కోటాలోకి. కులం పేరుతో తిట్టి కొడితే అట్రాసిటీ చట్టం వాళ్ళకు వర్తించదు. కొట్టేవాడు మాత్రం మతం అడిగి కొట్టడు. మా మెహతర్లు తరతరాలుగా పాకీపని చేశారు. మసీదులో ఒకే సఫ్‌లో నిలబడనిచ్చే మా వాళ్ళే పెళ్ళి సంబంధం మాటెత్తితే మొహం తిప్పుకుంటారు. సర్కారుకు మాత్రం ఇస్లాంలో అంటరానితనం లేదు గనుక వాళ్ళు అంటరానివాళ్ళు కారు. ఈ ఒక్క విషయంలో సర్కారూ మా మౌల్వీలూ ఒకే మాట మీదుంటారు.

2025 జూన్‌లో ప్రకటించిన జనగణనకు 2027 మార్చి 1 ప్రామాణిక తేదీ. 1931 తర్వాత మొదటిసారిగా అన్ని కులాలనూ లెక్కిస్తామన్నారు. ఒంగోలు పక్క పల్లెలో ఎన్యూమరేటర్ గుమ్మం ముందు నిలబడి పేరు, మతం, కులం అడిగినప్పుడు ఆ ఇంటి తల్లి చర్చిలో పెట్టిన పేరు చెబుతుందా, కొడుకు ఎస్సీ సర్టిఫికెట్ పోకుండా స్కూలు రిజిస్టర్లో ఉన్న పేరు చెబుతుందా? మా మెహతర్ వాడలో మర్యం బీ తన కులం ఏమని రాయించుకుంటుంది?